కుట్లు వేసేముందు లెక్క

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మాప్ కౌంట్ ఒకటి తగ్గింది. మాప్ అంటే రక్తం అద్దడానికి కడుపులో పెట్టే గుడ్డ. ఆపరేషన్ మొదలుపెట్టేముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి బోర్డు మీద రాస్తాం. పొట్ట మూసేముందు మళ్లీ లెక్కపెడతాం. బోర్డు మీద 20 అని ఉంది. నా చేతికి 19 వచ్చాయి.

"సార్, ఒకటి తక్కువుంది" అన్నాను. ఆయన అప్పటికే కుట్టుసూది చేతిలోకి తీసుకున్నారు. బయట ఇంకో పేషెంటు ట్రాలీ మీద ఎదురుచూస్తున్నాడు. "నువ్వే సరిగ్గా చూసి ఉండవు, మళ్లీ చూడమ్మా" అన్నారు. మళ్లీ చూశాను, 19. బకెట్ బోర్లించి, తడిసిన గుడ్డల్ని ఒక్కొక్కటిగా విప్పి, ఐదేసి చొప్పున నేల మీద పరిచాం. 19. సార్ మొహం మాడిపోయింది గానీ కుట్టు మాత్రం వేయలేదు. దాదాపు అరగంట తర్వాత అది మత్తు డాక్టర్ గారి స్టూలు కాలికి అంటుకుని కనిపించింది. ఎవరో తొక్కారు, అక్కడికి ఈడ్చుకుపోయింది.

ఆ అరగంట నాకు ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. ఒక్క గుడ్డ కోసం ఇంతమందిని నిలబెట్టానే అనిపించింది. కానీ నిలబెట్టే హక్కు నాకుంది. అక్కడున్న అందరికంటే జీతం తక్కువదాన్నే, అయినా లెక్క తేలలేదని నేనంటే సర్జన్ ఆగాల్సిందే.

ఇన్నేళ్ల తర్వాత ఇది గుర్తుకు రావడానికి కారణం తిబ్నీన్. దక్షిణ లెబనాన్‌లో కొండమీద పాత క్రూసేడర్ల కోట ఉన్న ఊరు. అక్కడి ఆసుపత్రి ఆవరణలో 2006లో పేలని బాంబుల్ని ఎలా తీశారో ఈమధ్య వరసపెట్టి చదివాను. చదివినకొద్దీ నాకు ఒకటే అనిపించింది. బాంబులు తీసేవాళ్ల ధైర్యం గురించి మనం చాలా రాస్తాం, చాలా చదువుతాం. బాంబులు వేసినవాళ్లు ఇవ్వాల్సిన లెక్క గురించి దాదాపు ఎవరూ అడగం.

తిబ్నీన్ ఆవరణ

2006 ఆగస్టు 14 ఉదయం ఇజ్రాయెల్, లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్‌బొల్లా మధ్య కాల్పుల విరమణ మొదలైంది. దానికి ముందురోజు, అంటే యుద్ధం ఇంకొన్ని గంటల్లో ఆగిపోతుందని అందరికీ తెలిసిన రోజున, తిబ్నీన్ ఆసుపత్రి మీదా చుట్టుపక్కలా ఇజ్రాయెల్ వేసిన క్లస్టర్ బాంబులు పడ్డాయి. క్లస్టర్ బాంబు అంటే గాల్లోనే విచ్చుకుని చాలా పిల్లబాంబుల్ని చల్లేది. లోపల పేషెంట్లతో పాటు, ఇళ్లు వదిలి తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు వందల మంది ఉన్నారు. పేలినవి పేలాయి. పేలనివి దారిమీదా, కప్పుమీదా, చెట్లకిందా ఉండిపోయాయి. వాటి మధ్యనుంచి దారి చేసేదాకా లోపలివాళ్లు బయటికి రాలేకపోయారని మానవహక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశోధకులు రాశారు.

ఆ యుద్ధంలో ఎక్కువగా పడిన పిల్లబాంబు ఒకటి చూడటానికి టార్చిలైట్‌లో వేసే పెద్ద బ్యాటరీ అంత ఉంటుంది. పైన ఒక తెల్ల రిబ్బను. చూస్తే ఏదో బహుమతి పొట్లం ఊడిన ముక్కలా ఉంటుంది, పిల్లలు చేతిలోకి తీసుకునేది అందుకే. ఆ రిబ్బను అందం కోసం పెట్టింది కాదు. పైనుంచి పడేటప్పుడు గాలికి అది రెపరెపలాడుతూ లోపలి మరని విప్పుతుంది. మర విడిందంటే బాంబు సిద్ధమైనట్టే, నేలకి గట్టిగా తగిలితే పేలాలి. మెత్తటి మట్టిలో పడినా, పక్కకి ఒరిగి పడినా, రిబ్బను కొమ్మకి చిక్కుకుని వేలాడినా పేలదు. సిద్ధంగా మాత్రం ఉంటుంది. ఆ తర్వాత దాన్ని కదిలించేది పిల్లాడి చెయ్యి కావచ్చు, స్ట్రెచర్ చక్రం కావచ్చు.

అందుకే వీటిని ఏరి బుట్టలో వేసుకోవడం కుదరదు. ఉన్నచోటే పక్కన చిన్న పేలుడు మందు పెట్టి పేల్చేయాలి. పొలంలో అయితే సరే. ఆసుపత్రి దగ్గర ఎలా? చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి. ఆ వైపు వార్డులో పేషెంట్లని మార్చాలి. ఆక్సిజన్ లైన్లు, కిటికీ అద్దాలు ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. కప్పుమీద పడినదాన్ని అక్కడే పేలిస్తే కప్పు పోతుంది. అలాంటిచోట కొక్కెం తగిలించి, పొడుగాటి తాడుతో దూరం నుంచి లాగే పద్ధతి ఒకటి ఉంది. తాడు ఇవతలి చివర ఉన్న మనిషికి ఎలా ఉంటుందో నేను ఊహించుకోను. ఊహించుకుని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆసుపత్రి నేలకి ఇంకో తిప్పలుంది. మెటల్ డిటెక్టర్‌కి బాంబని తెలియదు, లోహమని మాత్రమే తెలుస్తుంది. ఆసుపత్రి పెరట్లో ఏముంటాయో ఆసుపత్రిలో పనిచేసినవాళ్లని అడగండి. విరిగిన సెలైన్ స్టాండు ముక్కలు, మంచాల బోల్టులు, సూదులు, ఇంజెక్షన్ సీసాల అల్యూమినియం మూతలు, మాత్రల షీట్ల రేకు. డిటెక్టర్ అడుగడుక్కీ కూస్తూనే ఉంటుంది. కూసిన ప్రతిసారీ ఆ మనిషి మోకాళ్లమీద కూర్చుని, పక్కనుంచి మెల్లగా మట్టి తవ్వి, మాత్రల రేకే అని కళ్లతో చూసేదాకా అది బాంబనే అనుకోవాలి. నేను పారేసిన మూతలు ఎన్నో. ఇది చదివాక వాటన్నిటికీ ఎవరికో క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

కొంత అంకగణితం

ఇప్పుడు బోర్డు మీది లెక్కకి వస్తాను.

ఆ యుద్ధంలో వాడిన ఎం26 రాకెట్ ఒక్కోదాంట్లో 644 పిల్లబాంబులుంటాయి. ఒక లాంచర్ బండి ఒక విడతకి 12 రాకెట్లు వదులుతుంది. అంటే 7,728. వాటిలో 16 శాతం దాకా పేలవని వాటిని తయారుచేయించుకున్న అమెరికా సైన్యం లెక్కలే చెప్పాయి. ఒక బండి, ఒక్క విడత, 1,200 పైచిలుకు పేలని బాంబులు. ఇది రాకెట్ వదలకముందే తెలిసిన అంకె. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లలో ఒక రకమైతే ఒక్కోదాంట్లో 88 ఉంటాయి, అదీ దాని పుస్తకంలోనే రాసి ఉంటుంది.

ఎం85 అనే ఇంకో రకానికి తనంతట తానే పేలిపోయే ఏర్పాటుంది, కాబట్టి మిగిలిపోయేవి 1 శాతం లోపే అని చెప్పుకున్నారు. లెబనాన్ నేలమీద చూస్తే దాదాపు 10 శాతం మిగిలాయని, పేలని బాంబుల మీద పనిచేసే నార్వే సంస్థ నార్వేజియన్ పీపుల్స్ ఎయిడ్ 2007లో తేల్చింది. పరీక్షలు జరిగేది గట్టి, చదును నేలమీద. యుద్ధం జరిగింది ఆలివ్ తోటల్లో, పొగాకు చేలల్లో, ఇళ్ల మధ్య.

మొత్తం మీద ఆ వేసవిలో 40 లక్షల దాకా పిల్లబాంబులు పడ్డాయని, 10 లక్షల దాకా పేలకుండా ఉండిపోయి ఉంటాయని ఐక్యరాజ్యసమితి అంచనా. దాడుల్లో 90 శాతం చివరి 72 గంటల్లోనే జరిగాయని అప్పటి ఐరాస సహాయ కార్యక్రమాల అధిపతి యాన్ ఎగెలాండ్ చెప్పారు. "దాకా" అనే మాటని గమనించారా? అది తీసేవాళ్లు వాడాల్సి వచ్చిన మాట. వేసినవాళ్లకి "దాకా" అక్కర్లేదు. ఎన్ని రాకెట్లు ఎక్కించారో, ఏ కోఆర్డినేట్ల (మ్యాపు మీద చోటుని చెప్పే అంకెల) మీదకి వదిలారో, ఏ గంటకి వదిలారో వాళ్ల దగ్గర ఉంటుంది. అది లేకుండా లాంచర్ గురే పెట్టలేదు.

ఆ లెక్క ఎప్పుడొచ్చిందంటే, 2009 మేలో. ఇజ్రాయెల్ అప్పుడు క్లస్టర్ దాడుల వివరాలు ఐరాసకి ఇచ్చింది. అంతకుముందు 2006లో కొన్ని మ్యాపులు ఇచ్చారు గానీ, నేలమీద పనిచేసేవాళ్లకి అవి పెద్దగా పనికిరాలేదు. రెండు ముప్పావు ఏళ్లు! ఈలోగా ఆలివ్‌లు కోయడానికి వెళ్లినవాళ్లు, సొంత పెరట్లో రాళ్లు తీసుకున్నవాళ్లు, ఆడుకునే పిల్లలు, చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపి సుమారు 200 మంది. బాంబులు తీస్తూ ప్రాణాలో కాళ్లో పోగొట్టుకున్నవాళ్లు వేరే. కొక్కాలు, తాళ్లు, డిటెక్టర్లు, జీతాలు, అన్నీ చాలావరకు వేరే దేశాల దాతల డబ్బు.

చట్టం ఏమంటోందంటే

చట్టాలు లేక కాదు. యుద్ధం తర్వాత పేలకుండా మిగిలిపోయేవాటి గురించి, కొన్ని రకాల ఆయుధాల మీది అంతర్జాతీయ ఒప్పందానికి అనుబంధంగా అయిదో ప్రోటోకాల్ అని ఒకటి 2003లో వచ్చింది, 2006 నవంబరు నుంచి అమల్లో ఉంది. వాడిన పేలుడు సామగ్రి వివరాలు రాసి ఉంచుకోవాలని, పోరు ఆగాక ఆలస్యం చేయకుండా అందించాలని అందులో ఉంది. పక్కనే "సాధ్యమైనంత వరకు", "వీలైన మేరకు". ఆ వీలు ఉందో లేదో తేల్చేది వేసినవాళ్లే. లెబనాన్ అనుభవం చూసి కదిలిన దేశాలు 2008లో క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం చేసుకున్నాయి. పాతకాలంలో వాడిన దేశాలు ఏ రకం, ఎన్ని, ఎక్కడ అన్న వివరాలు ఇవ్వాలని అందులో "గట్టిగా ప్రోత్సహించారు". థియేటర్ గోడమీద "మాప్‌లు లెక్కపెట్టుకోవలసిందిగా గట్టిగా ప్రోత్సహిస్తున్నాం" అని రాసి ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఎన్ని పొట్టలు మళ్లీ కోయాల్సి వచ్చేదో.

ఆ ఒప్పందం నుంచి కూడా లిథువేనియా 2025 మార్చిలో బయటికి వచ్చేసింది. పక్కన రష్యా ఉన్న దేశపు భయం నాకు అర్థం కాకపోలేదు. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది కదా.

నాకే ఉన్న అనుమానాలు

ఇదంతా మా పాత థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌కి ఫోన్లో చెప్పాను. ఆవిడ రిటైరై చాలా కాలమైంది, మాటలో కరుకు తగ్గలేదు. అంతా విని, "సర్జన్ కోసేది బతికించడానికి. లెక్క తప్పితే ఆయన పనే పాడవుతుంది, అందుకే ఆగుతాడు. చంపడానికి వేసినవాడికి లెక్క తేలకపోతే ఏం నష్టమే? నీ పోలిక కుదరదు" అన్నారు.

ఒకరోజంతా దాని గురించే ఆలోచించాను. ఆవిడ అన్నదాంట్లో సగం నిజం. సర్జన్లందరూ మనసుతో ఆగరు. కేసవుతుందని ఆగుతారు, రిజిస్టర్‌లో సంతకం ఉందని ఆగుతారు, నర్సు నోరు మూసుకోదని ఆగుతారు. మంచితనం మీద నడిచే ఏర్పాటైతే కౌంట్ అనేదే పుట్టేది కాదు. యుద్ధం విషయంలో లోపించింది కూడా దయ కాదు, ఆపగలిగే నర్సు. ఆ నర్సు ఎవరో నాకూ తెలియదు. భద్రతా మండలి అంటారా? అందులో శాశ్వతంగా కూర్చున్న వాళ్లలో సర్జన్లే ఎక్కువ.

రెండో అనుమానం ఇంకా గట్టిది. లెక్క అడగడానికి అవతల ఒక ముఖం ఉండాలి. ఇరాక్‌లోని మోసుల్ నగరాన్నే తీసుకోండి. పశ్చిమ మోసుల్‌లో టైగ్రిస్ ఒడ్డున ఉన్న అల్-షిఫా ఆసుపత్రుల సముదాయాన్ని ఐసిస్ చివరిదాకా కోటలా వాడుకుంది. 2017 వేసవిలో అది చేజారేటప్పటికి లోపల పేలని గుళ్లతో పాటు, కావాలని అమర్చిన మందుపాతరలు, శవాల ఒంటిమీదే ఉండిపోయిన ఆత్మాహుతి బెల్టులు. నగరంలో 13 ప్రభుత్వాసుపత్రుల్లో 9 దెబ్బతిన్నాయని డాక్టర్ల అంతర్జాతీయ సేవాసంస్థ ఎంఎస్ఎఫ్ ఆ మరుసటి ఏడాది చెప్పింది. పశ్చిమ మోసుల్ శిథిలాలు పూర్తిగా శుభ్రం కావడానికి పదేళ్లకి పైగా పట్టవచ్చని అక్కడ మందుపాతరలు తీయించే ఐరాస విభాగం (మైన్ యాక్షన్) అధికారి పేర్ లోధమ్మర్ 2018లో అంచనా వేశారు. అక్కడ ఎవరిని అడుగుతాం లెక్క? పెట్టినవాళ్లలో చాలామంది ఆ శిథిలాల్లోనే ఉన్నారు.

నిజమే. కానీ మోసుల్ మీద పైనుంచి బాంబులు వేసినవాళ్లకి ముఖాలున్నాయి, దేశాలున్నాయి, రికార్డులున్నాయి. ఐసిస్ లెక్క ఎటూ రాదు. వచ్చే లెక్కనైనా తెప్పించుకుంటే తీసేవాడికి తెలియనిది ఆ మేరకు తగ్గుతుంది. మందుపాతర కోసం వెతుకుతూ అడుగులోతులో ఉన్న విమానం బాంబుకి ఎదురుపడటం, ఫలానాచోట బాంబు పడిందని ముందే తెలిసి వెళ్లడం ఒకటి కావు.

మూడోది, లెక్క ఉన్నా అది ఎంతవరకు ఉపయోగం అన్నది. రికార్డు చెప్పేది ఎక్కడికి గురిపెట్టారో. ఎక్కడ పడ్డాయో చెప్పదు. రాకెట్‌లోంచి విడిన పిల్లబాంబులు గాలిని బట్టి చెదురుతాయి. లావోస్ సంగతి చూడండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకి పైగా బాంబులు వేసింది. 27 కోట్ల పిల్లబాంబులు, వాటిలో పేలనివి 8 కోట్ల దాకా. పక్కనున్న వియత్నాంకి 2000 నవంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వెళ్లినప్పుడు బాంబుదాడుల రికార్డులు ఇచ్చారు. ఆ కాగితాలతో వెంటనే భూమి బాగుపడిపోలేదు. ఊళ్లకి వెళ్లి మనుషుల్ని అడిగి, దొరికినచోట నుంచి చుట్టూ వెతుక్కుంటూ పోవాల్సిందే. అయినా రికార్డు ఉన్నచోట వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మా కౌంట్ కూడా అంతే. గుడ్డ స్టూలు కింద ఉందని బోర్డు చెప్పలేదు. ఒకటి తక్కువుందని మాత్రమే చెప్పింది, మేం వెతకడానికి అది చాలింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆసుపత్రి ఉదాహరణ ఎత్తుకోవడంలో నాదొక చిన్న మోసం ఉంది. ఆసుపత్రి అనగానే గుండె కరుగుతుంది, దాతలు చెయ్యి జేబులో పెడతారు, ఫోటోలు బావుంటాయి. కాల్పులు ఆగాక లెబనాన్‌లో ముందుగా రోడ్లు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు చూసుకున్నారు. చేలు, తోటలు తర్వాత. అది సరైన వరసే. కానీ ఆ "తర్వాత" అన్నచోటే పంట ఆగదు, ఆకలీ ఆగదు. పొగాకు కోతకి తప్పనిసరై దిగిన మనిషి చివరికి వచ్చి చేరేది శుభ్రం చేసిన ఆ ఆసుపత్రికే. లెక్క ముందే చేతిలో ఉంటే ఏ పొలం ముందు, ఏది వెనక అన్నది తెలిసి తేల్చుకునేవాళ్లు. లేకపోతే ఎవరి కాలు పోయిందో ఆ పొలం ముందు.

నేను కోరేది

పెద్ద కోరికేం కాదు. కాల్పులు ఆగిన రోజే వాడిన ప్రతి రకం, ప్రతి సంఖ్య, ప్రతి కోఆర్డినేట్ మధ్యవర్తి సంస్థ చేతికి రావాలి. రహస్యాలు బయటపడతాయని సైన్యాలంటాయి. ఆ రహస్యం అప్పటికే ఆసుపత్రి కప్పుమీద రిబ్బనుతో సహా పడి ఉంది, అవతలివాడు దాన్ని ఫోటో తీసి చూసుకున్నాడు కూడా. మళ్లీ యుద్ధం మొదలవుతుందేమో, అప్పుడు మా పద్ధతి తెలిసిపోతుంది అంటే, అది కొంచెం ఆలోచించాల్సిన మాటే. దక్షిణ లెబనాన్‌లో 2024లో మళ్లీ యుద్ధం వచ్చింది కూడా. అయినా ఆసుపత్రులు, బడులు, నీళ్ల ట్యాంకులు ఉన్నచోట్లకి సంబంధించిన లెక్కయినా మొదటివారంలో ఇవ్వడానికి అడ్డేమిటో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

డబ్బు సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. తీసే ఖర్చు వేసినవాళ్లే భరించాలంటే చాలామంది నవ్వుతారు, ఎవరిస్తారండీ అని. 2016లో ఒబామా లావోస్ వెళ్లి మూడేళ్లకి 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. బాంబులు ఆగిన 43 ఏళ్లకి. పత్రికలు దాన్ని సాయం అని రాశాయి. నాకు ఆ మాట దగ్గర మింగుడుపడలేదు. గుడ్డ లోపల మర్చిపోయి, మళ్లీ కోసి తీసినందుకు "సాయం చేశాం" అని బిల్లుమీద రాసుకునే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా?

2009లో ఆ వివరాలు ఐరాసకి చేరేనాటికి తిబ్నీన్ ఆసుపత్రి దారిలో అంబులెన్సులు తిరగడం మొదలై చాలా కాలమైంది. ఆ దారిని కళ్లతో, చేతులతో, మోకాళ్లమీద పాకుతూ శుభ్రం చేసుకున్నారు. ఇలాంటి పని ముగిశాక ఒక కాగితం రాస్తారు. ఎంత విస్తీర్ణం, ఎంత లోతు దాకా చూశాం, ఏ రకాలు దొరికాయి, ఎన్ని. కింద తీసినవాళ్ల సంతకం, నేల అప్పజెప్పించుకున్నవాళ్ల సంతకం. మా రిజిస్టర్‌లో మాత్రం రెండు అంకెలు ఉండేవి, మొదట ఎన్ని, చివర ఎన్ని. ఈ కాగితంలో చివరి అంకె ఒక్కటే ఉంది.